2024 సినిమాలు: ఊరు తెలిసిన కథలు, ఊరు తెలియని కథలు

జగదాంబ సెంటర్ — 29 డిసెంబర్ 2024, రాత్రి 9.40

సంక్రాంతికి వచ్చిన హను-మాన్ మొదలు ఈ నెల పుష్ప 2 వరకు, విశాఖలో విడుదలైన తెలుగు సినిమాల్లో చాలావాటిని మొదటి వారంలోనే చూశాను. వాటిలో ఇప్పటికీ మనసులో మెదులుతున్నవి ఏవని ఆలోచిస్తే ఒక సంగతి తేటతెల్లమైంది. తన ఊరు తనకు తెలిసిన సినిమా నిలబడింది. ఊరి పేరు మాత్రమే అరువు తెచ్చుకున్న సినిమా జారిపోయింది. దీనికి ఖర్చుతో గానీ, హీరో స్థాయితో గానీ సంబంధం లేదు.

ఊరు తెలియడమంటే గోపురాన్నో చెరువునో రెండు షాట్లలో చూపించడం కాదు. అక్కడ ఎవరు ఏ పని చేసి బతుకుతారు, ఎవరు ఎవరి గుమ్మం దాటి లోపలికి రాలేరు, వడ్డీ డబ్బు అడగడానికి ఎవరు ఏ వేళకు వస్తారు, ఇవన్నీ తెలియడం.

ఫిబ్రవరి 2న వచ్చిన అంబాజీపేట మ్యారేజి బ్యాండు చూడండి. దర్శకుడు దుష్యంత్ కటికనేనికి అది మొదటి సినిమా. క్షౌరవృత్తి కుటుంబంలో పుట్టి, పెళ్లిళ్లకు బ్యాండు వాయించే మల్లిగా సుహాస్ నటించాడు. ప్రేమకథ అనుకుని హాల్లోకి వెళ్తాం. కాసేపటికే కథ మల్లి తోబుట్టువు, బడిలో టీచరుగా పనిచేసే పద్మ చేతుల్లోకి వెళ్లిపోతుంది. ఆ పాత్రలో శరణ్య ప్రదీప్ నిలబడిన తీరు ఈ ఏడాది నేను చూసిన నటనలన్నిటిలోకీ గొప్పది. పోలీసు స్టేషను ఘట్టానికి హాల్లో పడిన ఈలలు హీరోకు పడినవి కావు, ఆ టీచరమ్మకు పడినవి. ఊరి కక్ష ఒక ఆడమనిషి ఒంటి మీదికి ఎలా వస్తుందో, ఆ తర్వాత ఇంట్లోవాళ్లు ఆమె ముఖం చూడలేక ఎలా తలలు దించుకుంటారో ఎక్కడా అరవకుండా చెప్పారు.

ఆగస్టులో గోదావరి జిల్లాల నుంచి వారం తేడాలో రెండు సినిమాలు వచ్చాయి. 9న యదు వంశీ తీసిన కమిటీ కుర్రోళ్ళు, 15న ఆయ్. మొదటిదానిలో పన్నెండేళ్లకోసారి జరిగే జాతర, కలిసి తిరిగిన కుర్రాళ్ల మధ్య కులం గీసిన గీత, రిజర్వేషన్ల మీద మాటా మాటా పెరిగి స్నేహాలు తెగిపోవడం కనిపిస్తాయి. దాదాపు అందరూ కొత్త ముఖాలే. అయినా ఎవరు ఎవరి కొడుకో పదిహేను నిమిషాల్లో గుర్తుపట్టేస్తాం. రెండో సగంలో నడక మందగించిన మాట నిజమే కానీ, నేను దాన్ని పట్టించుకోను.

నవంబరు 14న మన వంతు వచ్చింది. మట్కా. 1958 నుంచి 1982 వరకు విశాఖపట్నంలో నడిచే కథ. బర్మా నుంచి వచ్చిన పిల్లవాడు పూర్ణా మార్కెట్లో ఎదిగి జూదసామ్రాజ్యం కడతాడు. కాగితం మీద ఇంతకంటే మంచి విశాఖ కథ దొరకదు. వరుణ్ తేజ్ ఒక్కో వయసుకూ మారిన తీరు మెచ్చుకోదగ్గది. సెట్లు శ్రద్ధగానే వేశారు. కానీ ఆ సెట్టుకు విజయవాడ అనో మద్రాసు అనో పేరు పెట్టినా కథలో ఒక్క ముక్క మార్చనక్కరలేదు. రేవు పట్టణంలో రేవు వల్ల జరిగేది ఏదీ నాకు కనిపించలేదు. ఓడ ఎప్పుడు వస్తుంది, సరుకు ఎవరు దింపుతారు, కూలి డబ్బు సాయంత్రానికి ఎక్కడ చేరుతుంది? మట్కా ఆడేది ఆ డబ్బుతోనే కదా!

మన ఊళ్లో షూటింగులకు కొదవ లేదు. 1978లో మరో చరిత్ర నుంచి ఇవాళ్టి దాకా సముద్రం, కొండ, ఘాట్‌రోడ్డు అందరికీ కావాలి. ఊరు మాత్రం అక్కర్లేదు. 2018లో వెంకటేశ్ మహా తీసిన కేరాఫ్ కంచరపాలెం ఒక్కటే గట్టిగా చెప్పుకోగలిగింది. అది కూడా స్థానికులతోనే తీశారు కాబట్టి అలా వచ్చింది.

మీరు చూసినవాటిలో ఏవి నిలిచాయి? ఎందుకో కూడా రాయండి.


సీ షిఫ్టు — 29 డిసెంబర్ 2024, రాత్రి 11.15

అన్నా, అంబాజీపేట గురించి మీరు రాసిన ప్రతి మాటా నాదే అనుకోండి. కానీ మొత్తం వాదనతో ఏకీభవించలేను. హను-మాన్‌లోని అంజనాద్రి ఏ మ్యాపులో ఉంది? కల్కి 2898 ఏడీలోని కాశీని ఎవరు చూశారు? ఆ రెండూ లేని ఊళ్లే. అయినా జనం వాటిని నమ్మారు.

స్టీలుప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి, గాజువాకలో టిఫిను చేసి ఉదయం ఆటకు వెళ్లడం మా బ్యాచికి అలవాటు. కునుకు పట్టే వేళ అది. ఆ వేళ మమ్మల్ని మెలకువగా కూర్చోబెట్టిందంటే ఆ సినిమాలో పట్టు ఉన్నట్టే. గుంటూరు కారం, హను-మాన్ ఒకే రోజు, జనవరి 12న వచ్చాయి. మొదట్లో హను-మాన్‌కు హాళ్లు తక్కువ దొరికాయి. జనం చూసి బయటికొచ్చి చెప్పిన మాటతోనే తర్వాత ఆటలు పెరిగాయి. ప్రశాంత్ వర్మ దగ్గర పెద్ద హీరో లేడు, పెద్ద బడ్జెట్టూ లేదు. ఉన్నది ఒక్కటే, చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడికి బలం దొరికితే వాడు మొట్టమొదట ఏం చేస్తాడన్న ఆలోచన. ఆ ఆలోచన తప్పటడుగు వేయలేదు.

కల్కి విషయంలో నా మాట వేరు. మొదటి గంట భారంగా నడిచింది. కానీ కురుక్షేత్రం చివర అశ్వత్థామకు శాపం పడిన ఘట్టం, ఆరు వేల ఏళ్ల తర్వాత అదే మనిషి ఒంటి నిండా గాయాలతో లేచి నిలబడటం, అమితాబ్ బచ్చన్ ఆ వయసులో ఆ పాత్రను మోసిన తీరు చూస్తుంటే రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కాశీలో నీళ్ల కోసం, గాలి కోసం జనం పడే పాట్లు, పైన కాంప్లెక్సులో సకల భోగాలు. పొగ గొట్టాల పక్కన బతికే మాలాంటివాళ్లకు ఆ కాశీ పరాయి ఊరు అనిపించలేదు. నా ఉద్దేశంలో ఊరు నిజమా, కల్పనా అన్నది ముఖ్యం కాదు. దానికి కట్టుబాట్లు ఉన్నాయా, దర్శకుడు వాటిని చివరి దాకా పాటించాడా అన్నదే ముఖ్యం.


లెక్కల టీచర్ — 30 డిసెంబర్ 2024, ఉదయం 6.50

అందరికీ నమస్కారం. ఇంతవరకూ 35 చిన్న కథ కాదు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను.

అది సెప్టెంబరు 6న విడుదలైంది. విజయవాడ వరదనీటిలో ఉన్న రోజులవి. మనకూ వానలే. సినిమాలకు వెళ్లే మనఃస్థితి ఎవరికీ లేని వారంలో ఇంత మంచి చిత్రం వచ్చింది. నందకిశోర్ ఈమాని దర్శకుడు. కథ తిరుపతిలో జరుగుతుంది.

అరుణ్ అనే పిల్లవాడికి లెక్కలంటే సరిపడదు. మొద్దు కాదు, వాడి ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు, అంతే. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే అది పది ఎలా అవుతుంది? క్లాసులో ఈ ప్రశ్న అడిగిన పిల్లలు నాకూ తెలుసు. చాలామంది టీచర్లు ఏమంటారో కూడా తెలుసు. “అది అంతే, రాసుకో.” ఆ ఒక్క మాటతో పిల్లవాడికి తలుపు మూసుకుపోతుంది. స్థానవిలువ అనేది మనిషి ఏర్పరచుకున్న ఒక ఒప్పందం. ఒకట్ల ఇల్లు ఖాళీగా ఉందని సున్నా చెబితేనే పక్కనున్న ఒకటి పదుల ఇంట్లో ఉందని మనకు తెలుస్తుంది. ఈ మాట పిల్లవాడి చేతికి పుల్లలూ కట్టలూ ఇచ్చి చూపించాలి. చూపించే ఓపిక లేక మనం కోపం చూపిస్తాం.

తల్లి సరస్వతిగా నివేదా థామస్ ఎంత బాగా చేసిందంటే, ఆమె వంటింట్లో పని చేసుకుంటూ పిల్లవాడి వైపు చూసే చూపులోనే సగం కథ తెలిసిపోతుంది. పది తప్పిన ఇల్లాలు మళ్లీ పుస్తకం పట్టి, తాను నేర్చుకుని కొడుక్కి నేర్పుతుంది. ప్రియదర్శి చేసిన మాస్టారి పాత్ర నాకు గుచ్చుకుంది. మార్కులను బట్టి పిల్లల్ని పిలిచే మాస్టార్లు ప్రతి బడిలోనూ ఉన్నారు. మా స్టాఫ్‌రూములో ఆ పాత్ర మీద రెండు రోజులు వాదన నడిచింది.

ఇక ఊరు సంగతి. తిరుపతి అనగానే కొండ, గుడి, గుండు, లడ్డు చూపిస్తారు. ఇందులో కొండ కింద ఇళ్లలో రోజూ బతికేవాళ్లు కనిపించారు. జగదాంబ సెంటర్ గారూ, మీ మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.


పాత ఆపరేటర్ — 30 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1.20

నేను విశాఖ సినిమా హాళ్లలో ప్రొజెక్టరు ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాను. టీచరమ్మ గారు 35 గురించి రాసింది చదివాక ఒక విషయం చెప్పాలనిపించింది. ఇలాంటి సినిమా మంచిదని నలుగురికీ తెలిసేసరికి హాల్లోంచి ఎందుకు వెళ్లిపోతుందో చాలామందికి తెలియదు.

ఒకప్పుడు పెట్టెలు వచ్చేవి. ఒక్కో రీలు ఇరవై నిమిషాల లోపు. రెండు మెషీన్లు పెట్టుకుని, తెర కుడివైపు పైమూల చుక్క కనబడగానే ఒకదాని నుంచి ఇంకోదానికి మార్చేవాళ్లం. కార్బన్ కడ్డీల మధ్య మంటను చూపు తిప్పకుండా సరిచేసుకోవాలి. ఆ పెట్టె మా హాలుకు వచ్చిందంటే తేలిగ్గా కదిలేది కాదు. ఇంకో ప్రింటు కొట్టించడం ఖర్చుతో పని. ఇప్పుడు సినిమా హార్డుడిస్కులోనో ఉపగ్రహం ద్వారానో వస్తుంది. దాన్ని తెరవడానికి ఒక తాళం పంపుతారు. ఈ తేదీ ఈ వేళ నుంచి ఆ తేదీ ఆ వేళ వరకు అని అందులో గడువు ఉంటుంది. అంటే సోమవారం ఒక ఆట తీసేసి ఇంకోటి వేయడానికి ఎవరూ ఏ పెట్టె మోయక్కర్లేదు. సులువైన కొద్దీ సినిమా ప్రాణం తక్కువైపోయింది. శుక్ర, శని, ఆదివారాల వసూలు కరెంటుకు, జీతాలకు, హాలు అద్దెకు సరిపోలేదంటే సోమవారం ఆటలు తగ్గిపోతాయి. పెద్ద సినిమా వచ్చే వారమైతే అసలు మిగలవు. హాలు నడిపేవాళ్లను తిట్టి లాభం లేదు, వాళ్ల లెక్క వాళ్లది.

ఇంకొకటి. ఈ ఏడాది నాకు బాగా నచ్చినవి గామి, క. రెండూ చీకటి సినిమాలే. గామిలో మనిషి స్పర్శ తగిలితే తట్టుకోలేని అఘోరా హిమాలయాలకు వెళ్తాడు. విద్యాధర్ కాగిత, స్నేహితులు ఏళ్ల తరబడి, జనం ఇచ్చిన డబ్బుతో మొదలుపెట్టి తీశారు. క సినిమాలో కథ 1977 నాటిది. కృష్ణగిరి అనే ఊళ్లో మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది. వాసుదేవ్ అనే పోస్టుమేన్ ఇతరుల ఉత్తరాలు చదువుతుంటాడు. ఇలాంటి సినిమాను వెలుతురు తగ్గిన ల్యాంపు పెట్టి వేస్తే ఏం కనబడుతుంది? తెర మీద పడే వెలుతురుకు ఒక కొలత ఉంది, 14 ఫుట్‌ల్యాంబర్టులు. ల్యాంపు గంటలు దాటినా మార్చకపోతే అది పడిపోతుంది. క్యాబిన్ అద్దం తుడవకపోయినా పడిపోతుంది. మన నగరంలోనే ఒక హాల్లో క చూశాను. లాంతరు మంట తప్ప లాంతరు పట్టుకున్న మనిషి కనబడలేదు. మర్నాడు ఇంకో హాల్లో చూస్తే ఆ లాంతరు వెలుగులో ముఖాలు, వెనక గోడ, గోడ మీద నీడ అన్నీ ఉన్నాయి. కెమెరా పట్టినవాళ్లు అంత కష్టపడితే మనం ఒక ల్యాంపు మార్చలేమా? ప్రేక్షకులు బయటికొచ్చి మేనేజరుతో చెప్పాలి. చెబితే మారుస్తారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు.


సీ షిఫ్టు — 30 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 2.05

బాబాయ్ గారూ, ఆ హాలు ఏదో నాకు అర్థమైంది. వచ్చే వారమే వెళ్లి చెబుతాను.


రిటైర్డ్ క్యాషియర్ — 30 డిసెంబర్ 2024, సాయంత్రం 5.30

దీపావళికి, అక్టోబరు 31న, మూడు మంచి సినిమాలు ఒకేసారి వచ్చాయి. క, అమరన్, లక్కీ భాస్కర్. ఇలాంటి పండుగ ఈ మధ్య నాకు గుర్తులేదు. అమరన్‌లో మేజర్ ముకుంద్ వరదరాజన్ భార్యగా సాయిపల్లవిని చూసి మా ఇంట్లో అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు. కానీ నేను మాట్లాడదలచుకున్నది లక్కీ భాస్కర్ గురించి.

బ్యాంకు కౌంటరులో జీవితమంతా గడిపినవాణ్ణి. సినిమాల్లో బ్యాంకు అంటే దొంగలు పడే చోటుగానే చూపిస్తారు. వెంకీ అట్లూరి తొలిసారి అక్కడ పనిచేసేవాడి వైపు నుంచి చూపించాడు. రోజంతా చేతుల్లోంచి లక్షలు వెళ్తుంటాయి. సాయంత్రం ఇంటికెళ్తే కిరాణా బాకీ. ప్రమోషను వస్తుందని ఇంట్లో చెప్పుకుంటాడు, అది ఇంకొకరికి పోతుంది. ఆ అవమానాన్ని దుల్కర్ సల్మాన్ ముఖంలోనే చూడాలి. ఉద్యోగం చేసినవాళ్లకు తెలుస్తుంది అది ఎంత నిజమో.

బొంబాయిలో 1992లో బయటపడిన, షేర్ల బ్రోకరు హర్షద్ మెహతా కుంభకోణమే కథకు వెన్నెముక. సినిమాలో అతన్ని హర్ష మెహ్రా అన్నారు. బ్యాంకు రసీదుల భాగం అర్థం కాలేదని మా అబ్బాయి అడిగాడు, చాలామంది అదే అంటున్నారు. వివరిస్తాను. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకు ప్రభుత్వ పత్రాలు అమ్మినప్పుడు, పత్రాలు వెంటనే చేతికి ఇవ్వకుండా “మీ పత్రాలు మా దగ్గర ఉన్నాయి” అని ఒక రసీదు ఇచ్చేది. కొన్నాళ్ల తర్వాత మళ్లీ కొనుక్కునే ఒప్పందం కాబట్టి పత్రాలు తిప్పే శ్రమ దేనికని అందరూ ఊరుకునేవారు. మధ్యలో బ్రోకరు ఉంటాడు. చిన్న బ్యాంకుల నుంచి, వెనక ఏ పత్రాలూ లేకుండానే, ఉత్త రసీదులు రాయించాడు. అవి చూపిస్తే పెద్ద బ్యాంకులు డబ్బిచ్చాయి. ఆ డబ్బు షేరు మార్కెట్టుకు వెళ్లింది. ధరలు పెరిగినంత కాలం పాత అప్పు తీర్చి కొత్త అప్పు చేస్తూ నడిపించాడు. మామూలు గుమాస్తా సంతకం ఒక్కటి ఆగితే ఈ గొలుసు తెగేది. సినిమా ఈ మాటను పాఠంలా కాకుండా ఉత్కంఠతో చెప్పింది.

ఒక్కటే నా ఫిర్యాదు. చివర్లో భాస్కర్ అంత హాయిగా తప్పించుకోవడం నాకు మింగుడు పడలేదు. ఆ రోజుల్లో పై అధికారుల మాట విని సంతకాలు పెట్టిన ఎందరో చిన్న ఉద్యోగులు విచారణల చుట్టూ తిరిగారు. వాళ్ల వైపు ఒక్క చూపైనా ఉండాల్సింది.


జగదాంబ సెంటర్ — 30 డిసెంబర్ 2024, రాత్రి 8.10

క్యాషియర్ గారూ, చాలా కృతజ్ఞతలు. రసీదుల సంగతి ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ముగింపు విషయంలో మాత్రం నేను మీతో వాదిస్తాను. ఎక్కడ ఆపాలో తెలిసినవాడు గెలిచాడన్నది ఆ కథ. ఆపలేని మనుషుల గురించి సినిమాలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి.

సీ షిఫ్టు తమ్ముడూ, నువ్వు చెప్పింది ఒప్పుకోవలసిందే. అంజనాద్రి లేని ఊరైనా దానికి నీరు, నేల, పెద్దమనిషి, పోటీ, పండుగ అన్నీ ఉన్నాయి. కాబట్టి నా మాటను ఇలా సవరిస్తాను: ఊరు మ్యాపులో ఉండనక్కర్లేదు, దర్శకుడి బుర్రలో ఉంటే చాలు. మట్కా తీసినవాళ్లకు మ్యాపులో ఊరు దొరికింది, బుర్రలో దొరకలేదు.


బర్మా క్యాంపు మనవరాలు — 30 డిసెంబర్ 2024, రాత్రి 10.30

మట్కా సినిమా కోసం నాకంటే ఆశగా ఎదురుచూసినవాళ్లు విశాఖలో తక్కువమంది ఉంటారేమో. మా తాతయ్య కుటుంబం రంగూన్ నుంచి ఓడలో వచ్చింది. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక అక్కడి భారతీయుల దుకాణాలు, ఆస్తులు ప్రభుత్వపరం అయ్యాయి. కట్టుబట్టలతో ఓడ ఎక్కినవాళ్లలో చాలామంది మద్రాసులో, మన రేవులో దిగారు. మేముండే పేటకు బర్మా క్యాంపు అన్న పేరు వచ్చింది అందుకే. అంతకు ముందు యుద్ధకాలంలో జపాను బాంబులకు భయపడి నడిచి వచ్చినవాళ్లు వేరే.

మట్కాలో హీరో బర్మా నుంచి వచ్చాడని చెబుతారు. ఆ తర్వాత ఆ సంగతి కథలో ఎక్కడికీ వెళ్లదు. అన్నీ పోగొట్టుకుని వచ్చినవాడికి డబ్బు పట్ల ఉండే భయం, మళ్లీ ఎవరో లాక్కుంటారన్న అనుమానం, అవి కదా ఆ మనిషిని నడిపించాల్సింది? మా నాయనమ్మ చివరిదాకా నగలను పెట్టెలో పెట్టుకోలేదు, ఒంటి మీదే ఉంచుకునేది. నిద్రలో కూడా. ఒక్క పాత్రతో ఒక్కసారి అలా చేయించి ఉంటే మా పేటంతా ఆ సినిమాను నెత్తిన పెట్టుకునేది.

కోపంతో రాయడం లేదు. ఇంత మంచి కథ చేతికొచ్చి జారిపోయిందన్న బాధతో రాస్తున్నాను.


మద్దిలపాలెం స్టూడెంట్ — 31 డిసెంబర్ 2024, ఉదయం 10.15

అక్కా, మీ పోస్టు చదివాక నాకు ఆ సినిమా మీద జాలి కలిగింది.

నేను ఇంకో వైపు మాట్లాడతాను. పరీక్షల మధ్య మాకు కావలసింది నవ్వు. టిల్లు స్క్వేర్, మత్తు వదలరా 2 ఆ పని చక్కగా చేశాయి. హాస్యనటుడు సత్య ముఖం చూస్తే చాలు, హాలు ఊగిపోయేది. ఓం భీం బుష్ కూడా బాగుంది. సరిపోదా శనివారంలో కోపాన్ని వారమంతా దాచుకుని శనివారమే తీర్చుకునే ఆలోచన కొత్తగా అనిపించింది. ఎస్.జె. సూర్య తెర మీద ఉన్నంతసేపు ఇంకెవరినీ చూడలేకపోయాను.

డబ్బింగు సినిమాలనూ వదలకండి. మంజుమ్మెల్ బాయ్స్ గుణ గుహల్లోకి దిగినప్పుడు నా పక్క సీటు స్నేహితుడు నా చెయ్యి వదల్లేదు. సత్యం సుందరం అయితే ఒక్క రాత్రి కథ. తనను అంత ప్రేమగా చూసుకుంటున్న బంధువు పేరు గుర్తు రాక అరవింద్ స్వామి పడే ఇబ్బంది, ఆ పేరు అడగలేని మొహమాటం, కార్తి మాటల ప్రవాహం. మా హాస్టల్లో ఆ సినిమా చూసి ఊళ్లోని పెదనాన్నలకు, మేనమామలకు ఫోన్లు చేసినవాళ్లు ఉన్నారు.

పుష్ప 2 సంగతి ఎవరూ ఎత్తలేదేం? మూడు గంటల ఇరవై నిమిషాలు ఎక్కడా వాచీ చూసుకోలేదు. గంగమ్మ జాతర ఘట్టంలో చీర కట్టి, నీలం రంగు పూసుకుని అల్లు అర్జున్ ఆడిన తీరుకు సాటి లేదు. అది తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్లు వేషాలు కట్టే ఆచారం నుంచి వచ్చిందే. అంటే మీ వాదన ప్రకారం అదీ ఊరు తెలిసిన సినిమాయే కదా?


జగదాంబ సెంటర్ — 31 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 12.40

తప్పకుండా. సుకుమార్‌కు ఆ నేల, ఆ యాస, ఆ జాతర తెలుసు. ఆ ఘట్టం కోసమే రెండోసారి వెళ్లాను. మనకు విజయనగరంలో పైడితల్లి సిరిమాను ఉంది. ఆకాశమంత ఎత్తున మాను చివర పూజారి కూర్చుని ఊరేగుతుంటే కింద లక్షల జనం చేతులు జోడిస్తారు. దాని చుట్టూ కథ అల్లే దర్శకుడు ఎప్పుడు వస్తాడా అని చూస్తున్నాను.

అయితే నేను మొదటి పోస్టులో పుష్ప 2 గురించి ఎక్కువ రాయకపోవడానికి కారణం ఉంది. డిసెంబరు 4 రాత్రి ప్రీమియరు వేళ హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. సినిమాను ప్రేమించే కుటుంబమే అది. ప్రీమియరు టికెట్టు 800 రూపాయలు పెట్టి, అర్ధరాత్రి దాకా జనాన్ని వీధిలో నిలబెట్టి, గేట్ల దగ్గర తగినంత మంది లేకుండా ఆట వేయడం ఎక్కడైనా ప్రమాదమే. ఆ రాత్రి మన జగదాంబ కూడలిలో కూడా అంతే జనం. మనకు ఏమీ కాలేదంటే అది అదృష్టమే తప్ప ఏర్పాటు కాదు. అభిమాన సంఘాల తమ్ముళ్లు ఇక్కడ చదువుతుంటే నా విన్నపం ఒక్కటే. పిల్లల్ని, పెద్దవాళ్లను తీసుకొచ్చేవాళ్లకు వేరే దారి ఉండేలా ముందు రోజే హాలువాళ్లతో మాట్లాడండి. బ్యానర్లు కట్టడానికి వచ్చే కుర్రాళ్లలో పదిమంది గేటు దగ్గర నిలబడితే చాలు.


పాత ఆపరేటర్ — 31 డిసెంబర్ 2024, మధ్యాహ్నం 1.30

మా రోజుల్లో మొదటి ఆటకు వెనక తలుపులన్నీ ముందే తీసి తాళ్లు కట్టేవాళ్లం. జగదాంబ సెంటర్ బాబు చెప్పింది ప్రతి హాలూ చేయాలి.


జాలారిపేట — 31 డిసెంబర్ 2024, సాయంత్రం 4.00

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. బోట్లు రేవులోనే ఉంటాయి, వలలు బాగుచేసుకోవడం తప్ప పని ఉండదు. ఏడాదిలో సినిమాలు ఎక్కువ చూసేది అప్పుడే. ఈసారి సరిగ్గా ఆ రోజుల్లోనే సినిమాలు కరవయ్యాయి. మే 13న ఎన్నికలు, పక్కన ఐపీఎల్. మే 9న రావాల్సిన కల్కి జూన్ 27కు వెళ్లింది. అప్పటికి మేం వేటకు వెళ్లిపోయాం. మంచి సినిమాలు వేసవిలో వస్తే మా పేట ఒక్కటే హాలు నింపుతుంది, ఎవరైనా ఆ లెక్క వేసుకోవాలి.

దేవర గురించి నా మాట. ఎన్టీఆర్ అంటే ప్రాణం, సెప్టెంబరు 27 పొద్దున్నే హాల్లో ఉన్నాను. దేవరగా ఆయన నిలబడిన తీరుకు, సముద్రం ఎక్కడానికి మనుషులు భయపడాలని ఆయన చేసిన పనికి చప్పట్లు కొట్టాను. సముద్రం మాత్రం నాకు సముద్రంలా కనబడలేదు. మా బోటు ఎక్కితే ముందు తెలిసేది నిలబడటం ఎంత కష్టమో. మోకాలు కాస్త వంచి, అల కదలికను బట్టి ఒంటి బరువు మార్చుకుంటూ ఉంటాం. రెండు చేతులూ వల మీద ఉంటాయి, ఒళ్లే లెక్క చూసుకుంటుంది. సినిమాలో మనుషులు పడవ మీద వీధిలో నిలబడినట్టు నిలబడ్డారు. మాటలు కూడా గాలికి కొట్టుకుపోకుండా వినబడ్డాయి. లోపల ఇంజను మోగుతుంటే మేం చేతి సైగలతోనే మాట్లాడుకుంటాం. ఈ ఒక్కటి పట్టుకున్నా సినిమాలోని ఎర్ర సముద్రం అనే చోటు నిజమైపోయేది.

ఫిబ్రవరి 7న తండేల్ వస్తోంది. శ్రీకాకుళం మత్స్యకారులు గుజరాత్ వెళ్లి, వేటలో పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చిన సంగతి ఆధారంగా తీశారు. మా చుట్టాల్లోనూ వెరావల్ వెళ్లి బోట్లలో పనిచేసినవాళ్లు ఉన్నారు. ఇక్కడ చేపలు తగ్గి, చేతిలో డబ్బు లేక ఆరేడు నెలలు అక్కడే ఉండిపోతారు. నాగచైతన్య తెడ్డు ఎలా పడతాడు, తాడు ఎలా విసురుతాడు అన్నది ముందు చూస్తాను. ఆ తర్వాతే ప్రేమకథ.


బర్మా క్యాంపు మనవరాలు — 31 డిసెంబర్ 2024, సాయంత్రం 4.45

అన్నా, మీరు చూసి వచ్చాక తప్పకుండా రాయండి. పడవ మీద నిలబడే తీరు గురించి ఇంత వివరంగా ఏ సమీక్షలోనూ చదవలేదు.


లెక్కల టీచర్ — 31 డిసెంబర్ 2024, సాయంత్రం 6.20

తండేల్‌లో భర్తలు జైల్లో ఉన్నన్నాళ్లూ ఇంటిని నడిపిన ఆడవాళ్లకు ఎంత చోటు ఇచ్చారో నేను చూడాలనుకుంటున్నాను. సాయిపల్లవి ఉందంటే ఆశ ఉంది. నా క్లాసులో ఇద్దరు పిల్లల తండ్రులు ఇప్పటికీ వేటకు గుజరాత్ వెళ్తారు. ఫీజు మాట్లాడటానికి, మార్కుల కార్డు మీద సంతకానికి అన్నిటికీ తల్లులే వస్తారు.


సీ షిఫ్టు — 31 డిసెంబర్ 2024, రాత్రి 7.30

ఫిబ్రవరి మొదటి వారం షిఫ్టు పట్టిక ఇంకా వేయలేదు. రాత్రి షిఫ్టు పడితే గాజువాకలో ఉదయం ఆటకు వస్తాను. జాలారిపేట అన్నా, మీరు కూడా అక్కడికే రండి. పక్కన కూర్చుని ఎక్కడ తప్పుపోయిందో, ఎక్కడ సరిగ్గా పట్టారో చెబుతూ ఉండండి.